పీటీఎస్‌డీని గుర్తించి కౌన్సెలింగ్‌కు వెళ్లడం ఎలా: తిరుపతి, చిత్తూరు జిల్లాల వారి కోసం

ప్రాణం పోయినంత పనై బయటపడిన వారికి ఇంటికి వచ్చిన చుట్టాలు చెప్పే మొదటి మాట "గండం గడిచింది, ఇంక దాన్ని తలుచుకోవద్దు" అని. ఆ మాటలో ప్రేమ ఉంది, చాలామంది విషయంలో అది నిజం కూడా అవుతుంది. కొందరిలో మాత్రం తలుచుకోకూడదని ఎంత గట్టిగా అనుకుంటే ఆ సంఘటన అంతగా వెంటపడుతుంది. దీనినే వైద్యులు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ అంటారు. దీనికి మంచి చికిత్స ఉంది. చిక్కేమిటంటే, జరిగినదాన్ని గుర్తు చేసే ప్రతిదాని నుంచీ తప్పుకోవడం ఈ జబ్బు లక్షణాలలోనే ఒకటి. డాక్టరు దగ్గరకు వెళితే జరిగింది చెప్పవలసి వస్తుంది కనుక రోగి డాక్టరునూ తప్పించుకుంటాడు. అందువల్ల ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది తెలిస్తే సరిపోదు, వెళ్లకుండా మనసు ఎక్కడెక్కడ అడ్డుపడుతుందో ముందే తెలుసుకుని దానికి తగిన ఏర్పాటు చేసుకోవాలి.

మన రెండు జిల్లాలలో ఇటువంటి అనుభవాలకు కొదవ లేదు. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పొంగి తిరుపతి వీధులు మునిగినప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్న ప్రమాదం జరిగింది. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం బైరాగిపట్టెడ వద్ద జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. పలమనేరు, కుప్పం వైపు రాత్రి పొలానికి కాపలా వెళ్లిన రైతుకు ఏనుగు ఎదురుపడడం ఎప్పుడో ఒకసారి జరిగే విషయం కాదు. వీటితోపాటు పత్రికలకు ఎక్కనివి ఉన్నాయి: ఇంటి నాలుగు గోడల మధ్య భర్త చేతిలో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఇల్లాలు, చిన్నతనంలో తెలిసినవాడి చేతిలోనే లైంగిక హింసకు గురై ఎవరికీ చెప్పుకోలేకపోయినవారు, ప్రసవ సమయంలో చావు అంచుదాకా వెళ్లి వచ్చినవారు. దెబ్బ తనకే తగలాలని లేదు. కళ్లారా చూసినవారికి, బిడ్డకో తోబుట్టువుకో జరిగిన ఘోరాన్ని ఫోనులో విన్నవారికి, రోజూ ప్రమాద బాధితులను మోసే 108 సిబ్బందికి, పోలీసులకు కూడా ఈ జబ్బు రావచ్చు.

ముందు తేదీలు లెక్క పెట్టుకోండి

సంఘటన జరిగి ఇంకా నెల కాలేదంటే పీటీఎస్‌డీ అని నిర్ధారించరు. మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం, ఏడుపు రావడం, చేతులు వణకడం శరీరం సహజంగా స్పందించే తీరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం లోకంలో సుమారు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి సంఘటనను ఎదుర్కొంటారు, వారిలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతం మందికి మాత్రమే. కాబట్టి మొదటి నెలలో చేయవలసింది సాదా పని: వేళకు తినడం, వేళకు పడుకోవడానికి ప్రయత్నించడం, నమ్మకమైన మనిషి దగ్గర ఉండడం, టీవీలోనూ ఫోనులోనూ ఆ సంఘటన వీడియోలను మళ్లీ మళ్లీ చూడకపోవడం. ప్రమాదం జరిగిన వెంటనే బాధితులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒక్క విడతలో జరిగిందంతా చెప్పించడం వల్ల ఈ జబ్బు రాకుండా ఆగుతుందన్న ఆధారం లేదు, కొందరికి అది కీడు కూడా చేయవచ్చు. పరామర్శకు వచ్చిన ప్రతివారికీ కథ మొదటి నుంచి చెప్పవలసిన బాధ్యత మీకు లేదు. "ఇప్పుడు చెప్పలేను, పెదనాన్నా" అంటే మర్యాద తప్పినట్లు కాదు.

అయితే మొదటి నెలలోనే మనిషి తిండి మానేసినా, తనవారిని గుర్తించనట్లు శూన్యంగా చూస్తూ కూర్చున్నా, పని పూర్తిగా ఆగిపోయినా నెల నిండేదాకా ఆగనవసరం లేదు. మూడు రోజుల నుంచి నెల లోపు కనిపించే తీవ్రమైన స్థితికి అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అని వేరే పేరుంది, దానికీ చికిత్స చేస్తారు. నెల దాటిన తరువాత కూడా లక్షణాలు తగ్గకుండా ఇంటి పనినో ఉద్యోగాన్నో చెడగొడుతుంటే తరువాతి మెట్టుకు వెళ్లండి. కొందరిలో ఇవి ఆరు నెలల తరువాత పూర్తిగా బయటపడతాయి కనుక, "ప్రమాదమై ఏడాది అయింది, ఇప్పుడు వచ్చిన భయానికీ దానికీ సంబంధమేమిటి" అని కొట్టిపారేయకండి.

లక్షణాలను నాలుగు వైపుల నుంచి చూడండి

మొదటిది, జరిగినది తిరిగి రావడం. ఇది మామూలు జ్ఞాపకం కాదు, ఇప్పుడే ఇక్కడే జరుగుతున్నట్లు ఉంటుంది. రేకుల మీద వాన చప్పుడు వినగానే నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినట్లు అనిపించడం, బ్రేకులు కాలిన వాసనకు గుండె దడదడలాడి చెమటలు పట్టడం, అదే కల పదే పదే వచ్చి కేకతో లేవడం దీని కిందికి వస్తాయి. రెండవది, తప్పించుకోవడం. ఘాట్ రోడ్డు ఎక్కననడం, ఆ వీధి గుండా పోకుండా రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లడం, మాట ఎత్తగానే లేచి వెళ్లిపోవడం, లేదా ఆలోచన రాకుండా ఉండేందుకు రాత్రి పగలు పనిలో మునిగిపోవడం. ఈ చివరిదాన్ని ఇంట్లోవారు పట్టుదల అనుకుని మెచ్చుకుంటారు. మూడవది, ఆలోచనలు, భావాలు మారిపోవడం: లోకంలో ఎవరినీ నమ్మరాదని, తప్పంతా తనదేనని అనుకోవడం, పిల్లల నవ్వు చూసినా సంతోషం కలగకపోవడం, సంఘటనలో ముఖ్యమైన భాగం గుర్తుకు రాకపోవడం. నాలుగవది, ఒళ్లంతా ఎప్పుడూ కాపలా కాస్తున్నట్లుండడం: తలుపు చప్పుడుకు ఉలికిపడడం, హోటల్లో గోడకు వీపు ఆనించి వాకిలికి ఎదురుగానే కూర్చోవడం, చిన్న మాటకు మండిపడడం, నిద్ర పట్టకపోవడం.

మన తిరుపతిలో ఒక చిక్కు ప్రత్యేకంగా ఉంటుంది, దాని గురించి కొంత వివరంగా చెప్పాలి. తొక్కిసలాటలో చిక్కుకున్న భక్తురాలికి ఆనాడు చెవిన పడిన గోవింద నామస్మరణే, గేటు తెరుచుకున్న చప్పుడే భయాన్ని రేపే గుర్తులు కావచ్చు. క్యూ లైను చూస్తే ఊపిరాడదు, గోవిందా అన్న కేక వింటే కాళ్లు వణుకుతాయి. దానితో ఆమెకు భయంతో పాటు అపరాధ భావన పట్టుకుంటుంది: స్వామి పేరు వింటే ఒళ్లు జలదరిస్తోందంటే ఏ పాపం చేశానో, మొక్కు బాకీ పడిందేమో, ఇంట్లో చెబితే ఏమనుకుంటారో అని. దీనికీ భక్తికీ సంబంధం లేదు. ప్రాణభయం కలిగిన క్షణంలో చెవికి, కంటికి, ముక్కుకు ఏది తగిలితే దాన్ని మెదడు ప్రమాద సూచనగా ముద్ర వేసుకుంటుంది, అది నామమా హారనా అని విడదీసి చూడదు. ఆ ముద్ర చికిత్సతో తగ్గుతుంది. "దర్శనానికి రానంటున్నావే" అని నిలదీసే ముందు ఇంటి పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జడుపు పట్టిందని తాయెత్తు కట్టించడం, దిష్టి తీయడం మన పల్లెల్లో ఉన్నదే. దానివల్ల మనసుకు కొంత ఊరట దొరికితే కాదనవలసిన పని లేదు. అయితే దెబ్బలు కొట్టడం, ఉపవాసాలు పెట్టడం, పొగ వేయడం వంటివి చేయనివ్వకండి. తాయెత్తు కట్టించుకున్నా సరే, నెల దాటితే ఆసుపత్రి చీటీ కూడా రాయించండి.

ఒక వారం రాసి పెట్టండి

డాక్టరు ఎదుట కూర్చోగానే నోరు పెగలకపోవడం సాధారణం. కాబట్టి వెళ్లే ముందు ఒక వారం పాటు చిన్న పుస్తకంలో నాలుగు విషయాలు మాత్రం రాయండి: ఏ వేళ భయం వచ్చింది, దానికి ముందు ఏం విన్నారు లేదా చూశారు, అప్పుడు ఏం చేశారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. అసలు సంఘటనను రాయవద్దు, ఆ పని ఒంటరిగా చేయవలసింది కాదు. రాయడం రానివారు ఇంట్లో పిల్లల చేత రాయించుకునే బదులు ఫోనులో మాట రికార్డు చేసుకోవచ్చు. మద్యం అలవాటు ఉన్నవారు ఆ లెక్క కూడా దాచకుండా రాయాలి. "క్వార్టర్ పడితే గానీ కన్ను మూతపడదు" అనే స్థితి మన మగవారిలో ఈ జబ్బుకు చాలాసార్లు ముసుగు అవుతుంది, ఇంటివారు తాగుడును చూస్తారు గానీ దాని వెనుక ఉన్న ప్రమాదాన్ని చూడరు.

ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి. తల దెబ్బ వల్ల కూడా నిద్ర చెడడం, చిరాకు, మతిమరుపు వస్తాయి కనుక రెండింటినీ వేరు చేసి చూడవలసింది వైద్యుడే.

ఒక్కరోజు కూడా ఆగకూడని సందర్భాలు

చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా, పురుగుల మందు, తాడు వంటి వాటి మీదికి మనసు పోతున్నా, ఎదుటివారికి హాని చేస్తానేమోనన్న భయం కలిగినా పైన చెప్పిన పుస్తకం పక్కన పెట్టి వెంటనే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం దగ్గరలో ఉంటే 108కి గానీ 112కి గానీ చేసి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా దగ్గరి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి. ఇంట్లోని పురుగుల మందు డబ్బాలు ఆ రోజే వేరే చోటికి చేర్చండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలని, ఆ కారణంగా శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది కనుక, కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్లడం మానకండి.

హింస ఇంకా కొనసాగుతున్న ఇంట్లో ఉన్నవారికి కౌన్సెలింగ్ కన్నా ముందు రక్షణ కావాలి. మహిళలు 181కి, పిల్లల విషయంలో 1098కి ఫోన్ చేయవచ్చు. సఖి వన్ స్టాప్ కేంద్రాల్లో తాత్కాలిక ఆశ్రయం, న్యాయ సహాయం, కౌన్సెలింగ్ ఒకేచోట లభిస్తాయి.

ఎవరి దగ్గరకు వెళ్లాలి

ఇక్కడ బోర్డుల వల్ల గందరగోళం ఉంది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తరువాత మానసిక వైద్యంలో ఎండీ వంటి చదువు పూర్తి చేసిన డాక్టరు; జబ్బును నిర్ధారించి మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారా చేసే చికిత్సలో శిక్షణ పొందినవారు. భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, వారి పేరు నమోదై సీఆర్‌ఆర్ నంబరు ఉంటుంది. కౌన్సెలర్ అన్న మాట ఎవరైనా తగిలించుకోవచ్చు, వారిలో అనుభవం గలవారూ ఉన్నారు, వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టినవారూ ఉన్నారు. నా అభిప్రాయంలో తీవ్ర లక్షణాలు ఉన్నవారు మొదట సైకియాట్రిస్టు చేత ఒకసారి పరీక్ష చేయించుకుని, వారి సూచన మీద క్లినికల్ సైకాలజిస్టు దగ్గర చికిత్స మొదలుపెట్టడమే మేలు.

ఫోను చేసినప్పుడే రెండు మాటలు అడగండి: "మీ సీఆర్‌ఆర్ నంబరు చెబుతారా?" "పీటీఎస్‌డీ ఉన్నవారికి మీరు ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు?" నిజమైన శిక్షణ ఉన్నవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. మూడు రోజుల్లో నయం చేస్తామనేవారిని, వశీకరణతో మనసు మారుస్తామనేవారిని, మొదటి రోజే మొత్తం ప్యాకేజీ సొమ్ము కట్టమనేవారిని వదిలిపెట్టండి.

తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధమైన రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి కనుక ఖర్చు భారం తక్కువ. ఉదయం ఓపీ వేళకు ముందే చేరి, ఆధార్ కార్డు, ఫోను, పాత వైద్యపు కాగితాలు వెంట పెట్టుకుని "సైకియాట్రీ" అని చెప్పి చీటీ రాయించుకోవాలి. చిత్తూరు వైపు వారికి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. కుప్పం పరిసరాల వారు అక్కడి పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రిలో విచారించవచ్చు. చిత్తూరు నుంచి వేలూరు దగ్గరే కావడం వల్ల అక్కడి సీఎంసీ మానసిక వైద్య విభాగానికి వెళ్లేవారు చాలామంది ఉన్నారు. కేసు జటిలమైతే బెంగళూరులోని నిమ్హాన్స్ ఉంది. అయితే మాటల చికిత్సకు వారం వారం వెళ్లవలసి ఉంటుంది. దూరంలో ఉన్న గొప్ప ఆసుపత్రికి ఒకసారి వెళ్లి ఆగిపోవడం కన్నా, బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన చోటును ఎంచుకోవడం మంచిది. ఎంపికలో భాష కూడా చూడాలి. భయం గురించి, అవమానం గురించి అరకొర తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్పడం సాధ్యమయ్యే పని కాదు.

బస్సు ఎక్కడమే భయంగా ఉన్నవారికి మొదటి అడుగు ఫోనే. 14416కు చేస్తే ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరాన్ని బట్టి నిపుణులకు కలుపుతారు. ప్రయాణానికి తోడు రాగల ఒకరిని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. వెళ్లే రోజు ఉదయం "ఈ రోజు బాగానే ఉంది, వచ్చే వారం చూద్దాం" అని మీకు అనిపిస్తుంది. అలా అనిపించడం దాదాపు ఖాయమని ఆ తోడు వచ్చే వ్యక్తికి ముందే చెప్పి, ఆ మాట వినకుండా బయలుదేరదీయమని కోరండి.

మొదటి రోజు ఏం చెప్పాలి, ఏం చెప్పనవసరం లేదు

సంఘటన మొత్తం వర్ణించాలన్న భయంతోనే చాలామంది గడప దగ్గర ఆగిపోతారు. మొదటి రోజు అంత అవసరం లేదు. "పోయిన ఏడాది బస్సు ప్రమాదంలో ఉన్నానండీ. అప్పటి నుంచి బస్సు ఎక్కలేకపోతున్నాను, రాత్రి మూడు గంటలకు మించి నిద్ర లేదు, ఇంట్లో అందరి మీదా కేకలు వేస్తున్నాను. వివరాలు ఇప్పుడు చెప్పలేను" అంటే చాలు. రాసుకున్న పుస్తకం చేతికివ్వండి. వైద్యులు ఇరవై ప్రశ్నల పత్రం ఒకటి ఇచ్చి గత నెలలో ఏ బాధ ఎంతగా ఉందో గుర్తు పెట్టమనవచ్చు. అది పరీక్ష కాదు, ముందు ముందు మెరుగుదలను కొలవడానికి ఉపయోగపడే లెక్క.

రద్దీ ఓపీలో తలుపు తెరిచే ఉంటుంది, వెనుక నలుగురు నిలబడి వింటుంటారు. అటువంటప్పుడు "ఒంటరిగా మాట్లాడాలండీ" అని అడిగే హక్కు మీకు ఉంది, మీ జబ్బు వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వారి మీద ఉందని 2017 చట్టమే చెబుతోంది. అత్తమామలు గానీ భర్త గానీ వెంట వచ్చి మీ బదులు తామే సమాధానం చెబుతుంటే, కొంతసేపు వారిని బయట ఉంచమని డాక్టరును అడగవచ్చు. ఆరోగ్య బీమా ఉన్నవారు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా వర్తింపజేయాలని అదే చట్టంలో ఉన్న సంగతి తెలుసుకుని, పాలసీలో ఏవి చేరాయో ఏజెంటును కాకుండా కంపెనీనే రాతపూర్వకంగా అడగండి.

కౌన్సెలింగ్ గదిలో జరిగేది

ధైర్యం చెప్పి పంపడమే కౌన్సెలింగ్ అన్న అభిప్రాయం మనలో ఉంది. పీటీఎస్‌డీకి పని చేస్తాయని రుజువైన చికిత్సలు అంతకన్నా నిర్దిష్టమైనవి. ఒక పద్ధతిలో, ఇన్నాళ్లూ దూరం పెట్టిన జ్ఞాపకాన్ని భద్రమైన గదిలో, చికిత్సకుని సమక్షంలో, నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. బయట కూడా నిజానికి ప్రమాదం లేని చోట్లకు మెట్టు మెట్టుగా వెళ్లమంటారు. దీనిని ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అంటారు, సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు పడుతుంది. ఘాట్ ప్రమాదం నుంచి బయటపడినవారు మొదట ఆగి ఉన్న బస్సులో కూర్చోవడం, తరువాత పగటి పూట ఊరిలోనే రెండు స్టాపుల దూరం వెళ్లడం, ఆ తరువాత అలిపిరి టోల్‌గేట్ దాకా వెళ్లి రావడం, ఎప్పటికో కొండ ఎక్కడం అనే వరుసను చికిత్సకునితో కలిసి వేసుకోవచ్చు. ప్రతి మెట్టు దగ్గరా భయం పెరిగినప్పుడు దిగిపోకుండా, అది తనంతట తాను కొంత దిగేదాకా అక్కడే ఉండడంలో అసలు పని జరుగుతుంది. భయం ఎక్కడికక్కడ ఆగిపోవడం కాదు, ఎక్కినది దిగుతుందని శరీరం నేర్చుకోవడం ముఖ్యం.

మరొక పద్ధతి కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, సాధారణంగా 12 సెషన్లు ఉంటుంది. ఇందులో సంఘటన వివరాల కన్నా దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాల మీద పని చేస్తారు. "టోకెన్లకు పోదాం రమ్మని నేనే పిలిచాను, నేను పిలవకుంటే వదిన బతికి ఉండేది" అనే మాటను తీసుకోండి. ఓదార్చేవారు "నీ తప్పేం లేదమ్మా" అంటారు, అది లోపలికి దిగదు. చికిత్సకుడు మాత్రం ప్రశ్నలు అడుగుతాడు: పిలిచిన క్షణంలో మీకు తెలిసినదేమిటి, తరువాత తెలిసినదేమిటి, ఆ గేటు మీ చేతిలో ఉందా, ఆమె ఎన్నిసార్లు తనంతట తానే అలాంటి దర్శనాలకు వెళ్లింది. ఇంట్లో కాగితం మీద రాసుకు రమ్మంటాడు. వారాల తరువాత ఆ వాక్యం "నేను పిలిచాను, ఆమె ఇష్టపడి వచ్చింది, తొక్కిసలాట జరుగుతుందని ఇద్దరికీ తెలియదు" అన్న చోటికి చేరుతుంది. దుఃఖం ఉంటుంది, కానీ నేరభారం మాత్రం ఉండదు. ఓదార్పు చేయలేని పనిని ప్రశ్న చేయడం ఈ చికిత్సలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

మూడవది ఈఎండీఆర్. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని చికిత్సకుని వేలి కదలికను కళ్లతో అనుసరించమంటారు. చూడడానికి వింతగా ఉంటుంది గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన వాటిలో ఇదీ ఒకటి. మూడింటిలో ఏది దొరికినా మంచిదే, మీకు అందుబాటులో ఉన్నవారికి దేనిలో శిక్షణ ఉందన్నదే తేల్చుకోండి.

మందుల సంగతి

మందులలో సెర్ట్రాలిన్, పెరాక్సిటిన్, వెన్లాఫాక్సిన్ అనేవి ఈ జబ్బుకు ఎక్కువగా వాడేవి. ఇవి తలనొప్పి మాత్రలా వేసిన రోజే పని చేయవు, గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. మొదటి రోజుల్లో కడుపులో వికారం, కొంచెం ఆందోళన కలిగితే డాక్టరుకు చెప్పాలి. చిన్న వయసు వారిలో ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంటివారు గమనించాలి. తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పిన విధంగా కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి.

నిద్ర కోసం మందుల షాపులో అల్ప్రాజోలమ్, క్లోనజెపామ్ వంటివి అడిగి తెచ్చుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఇవి ఆ రాత్రికి నిద్ర పట్టిస్తాయి గానీ పీటీఎస్‌డీని నయం చేయవు, అలవాటుగా మారతాయి, మద్యంతో కలిస్తే ప్రమాదకరం. అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ జబ్బుకు వీటిని వద్దనే అంటున్నాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు మాత్రం సొంతంగా మానేయకుండా డాక్టరు ద్వారానే మానాలి.

మధ్యలో మానేయాలనిపించే రోజులు

రెండు మూడు సెషన్ల తరువాత బాధ తగ్గడానికి బదులు కొంత పెరిగినట్లు చాలామందికి అనిపిస్తుంది. ఏళ్లుగా మూసిన అర తెరిచారు కనుక కలలు ఎక్కువ కావచ్చు. చికిత్స వికటించిందని అనుకుని చాలామంది మానేసేది ఇక్కడే. మానేయాలనిపించిన సంగతినే తరువాతి సెషన్‌లో మొదటి మాటగా చెప్పండి, వేగం తగ్గించవచ్చు. నాలుగైదు సెషన్ల తరువాత కూడా చికిత్సకుని మీద నమ్మకం కుదరకపోతే, తీర్పులు చెబుతున్నా, మీ దుస్తుల గురించో నడవడి గురించో వ్యాఖ్యానిస్తున్నా వారిని మార్చుకోవచ్చు. చికిత్సకుడిని మార్చడం చికిత్స మానడం కాదు.

రెండు సెషన్ల మధ్య భయం కమ్ముకొచ్చినప్పుడు పాదాలు నేలకు గట్టిగా ఆనించి, కంటికి కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పి, ఊపిరి పీల్చిన దానికన్నా నెమ్మదిగా వదలండి. "ఇది తిరుపతి, ఈ రోజు శుక్రవారం, నేను మా వంటింట్లో ఉన్నాను" అని చెప్పుకోవడం ఆ క్షణానికి సాయపడుతుంది. ఇది ప్రథమ చికిత్స మాత్రమే. సెషన్‌కు వెళ్లకుండా దీనితోనే గడిపేయవచ్చనుకుంటే అదీ తప్పించుకోవడంలో ఒక రకమే అవుతుంది.

ఇంట్లోవారు చేయవలసినవి

కథ చెప్పమని బలవంతం చేయకండి, చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపి సలహా ఇవ్వకండి. నిద్రలో కేక వేసినప్పుడు ఒంటి మీద చేయి వేసి కుదపకుండా కొంచెం దూరం నుంచి పేరు పెట్టి పిలవండి. "ఫలానా వాళ్లకు కాళ్లే పోయాయి, నీకేమైందని?" అన్న మాట ఒక్కసారి అన్నా నెలల పాటు నోరు మూయించేస్తుంది. మరోవైపు, భయం కలుగుతుందని జబ్బుపడిన మనిషికి బదులు అన్ని పనులూ మీరే చేయడం, ఎక్కడికీ వెళ్లనక్కరలేకుండా చూడడం కూడా జబ్బుకే మేలు చేస్తుంది. ఎంత సాయం చేయాలో చికిత్సకుడినే అడగండి.

చిన్నపిల్లలు భయాన్ని మాటల్లో చెప్పరు. ఆటలో అదే ప్రమాదాన్ని మళ్లీ మళ్లీ ఆడడం, మానేసిన పక్క తడపడం తిరిగి మొదలవడం, బడికి వెళ్లే వేళకు కడుపు నొప్పి అనడం, అమ్మ కొంగు వదలకపోవడం కనిపిస్తాయి. నెల దాటితే వారినీ చూపించాలి. జరిగినదాని గురించి పిల్లలు అడిగితే అబద్ధం చెప్పకుండా, వయసుకు తగినంత నిజం చెప్పండి.

కాగితాలు, కోర్టు తేదీలు

ప్రమాద పరిహారం కోసమో, నేరం కేసులో సాక్ష్యం కోసమో కోర్టుకు వెళ్లవలసినవారు ఓపీ చీటీలు, మందుల కాగితాలు, ప్రశ్నల పత్రాల ఫలితాలు ఒకే ఫైలులో తేదీల వరుసలో ఉంచుకోవాలి. మీ వైద్య రికార్డులను పొందే హక్కు మీకు చట్ట ప్రకారం ఉంది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు.

చికిత్స ముగిసిన తరువాత కూడా కొన్ని రోజులు కష్టంగా ఉంటాయి: సంఘటన జరిగిన తేదీ, తద్దినం, నవంబరులో వాయుగుండం పడిందన్న వార్త, వైకుంఠ ఏకాదశి వారం, కోర్టు వాయిదా. అప్పుడు నిద్ర చెడితే జబ్బు మొదటికి వచ్చిందని కంగారు పడనవసరం లేదు, రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం తిరిగి వెళ్లాలి. చివరి సెషన్‌లోనే క్యాలెండర్ ముందు పెట్టుకుని ఈ తేదీలన్నీ చికిత్సకునికి చెప్పి, వాటిలో అన్నిటికన్నా బరువైన తేదీకి వారం ముందు ఒక సమయం ఇప్పుడే రాయించుకోండి.